కెల్‌బ్రే గట్టు, నా శుక్రవారం

కువైట్‌లో, సబా అల్ సలేంలో నేను పనిచేసే ఇంట్లో ఇద్దరు మామాలు, అంటే యజమానురాళ్ళు. ఇంటి పెత్తనం చిన్న మామాది. పెద్ద మామా ఆవిడ అత్తగారు. స్కాట్లండు నుంచి నర్సుగా వచ్చి, కువైటీని పెళ్ళాడి ఇక్కడే ఉండిపోయింది. ఇప్పుడు చక్రాల కుర్చీలో ఉంటుంది.

కాళ్ళకి నూనె రాస్తుంటే నాకర్థమయ్యే అరబ్బీలో తన ఊరు కెల్‌బ్రే గురించి చెబుతుంది. ఉన్ని బట్ట నేసే చిన్న ఊరట. చుట్టూ గొర్రెలు మేసే భూమి, ఊరందరిదీ. ఏటా జూన్‌లో ఇంటికొకరు చొప్పున, డప్పులు కొట్టుకుంటూ ఆ భూమి గట్టు చుట్టూ నడిచొస్తారు.

"పండగా మామా?"

"ఇప్పుడు పండగ. అప్పుడు కాపలా. పక్కనున్న దొరకి ఆ భూమి మీద కన్ను. ఒక ఏడు ఊళ్ళో జ్వరాలొచ్చి ఎవరూ నడవలేదు. మరుసటేడు వెళ్ళేసరికి కంచె వేసేశాడు. 'నిరుడు మీరు రాలేదుగా' అన్నాడు. అది పీకడానికి పదకొండేళ్ళు పట్టింది. పీకింది ఆడాళ్ళే."

నాకు శుక్రవారం సెలవు. ఒప్పందంలో ఉంది. బస్సెక్కి ఫర్వానియా వెళ్తాను. అక్కడ ఫ్లోరెన్స్ అనే తెలుగు నర్సు తన గదిలో, ఇళ్ళల్లో పనిచేసే మా ఆరుగురికి తెలుగు చదవడం, రాయడం నేర్పుతుంది. మా ఆయన పోయినప్పుడు, చదువు రాక, మరిది చూపించిన చోటల్లా వేలిముద్ర వేశాను. ఇల్లు అతనిదైపోయింది. ఇప్పుడు యాభై రెండేళ్ళకి అక్షరాలు దిద్ది ఒత్తుల దాకా వచ్చాను.

ఒక శుక్రవారం చిన్న మామా, "చుట్టాలొస్తున్నారు రూత్, ఈ ఒక్క వారం ఉండవా?" అంది. ఉండిపోయాను. పై వారం అడగను కూడా లేదు. ఉల్లిపాయల బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇవాళ నా సెలవు మామా."

"పోయిన వారం ఉన్నావుగా!"

అచ్చం కెల్‌బ్రే దొర మాటే. లేచి చున్నీ వేసుకున్నాను.

"గుమ్మం దాటితే మళ్ళీ రాకు. ఖలాస్!"

"ఏడింటికి వస్తాను మామా. పై శుక్రవారమూ వెళ్తాను."

"మరి వంటెవరు చేస్తారు?"

హాల్లోంచి పెద్ద మామా గట్టిగా అంది: "ఆ బుట్ట ఇటు తే కోడలా, నేను తరుగుతాను. పొయ్యి ఎలా వెలిగించాలో నీకు గుర్తుందా?" తర్వాత నావైపు చెయ్యి ఊపింది. "యల్లా, నువ్వు నడు!"

ఫర్వానియాలో ఫ్లోరెన్స్, "ఏంటి పిన్నీ, పోయిన వారం డుమ్మా కొట్టారు?" అంది.

"ఇంక కొట్టనమ్మా. ఇవాళ నాకొక్క వాక్యం రాయడం నేర్పు, చాలు."

ఏడింటికి బెల్లు కొట్టాను. తియ్యలేదు. మళ్ళీ కొట్టాను. నాలుగోసారికి చిన్న మామా తలుపు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతులు ఉల్లిపాయ కంపు. పక్కకి జరిగింది.

నేను రాసి తెచ్చిన కాగితం వంటింటి తలుపుకి అంటించాను. ఆ ఇంట్లో తెలుగు వచ్చింది నా ఒక్కదానికే.

"ఏమిటది?" అంది చిన్న మామా.

వేలు పెట్టి అక్షరం అక్షరం చదివి, అరబ్బీలో చెప్పాను.

"శుక్రవారం రూతమ్మది."