మణెమ్మ ఇంట్లో దేవుడి కుండ

గురజాల దాటాక బండి కదలడం మానేసిందని దయామణికి అనిపించింది. ఎద్దులు నడుస్తూనే ఉన్నాయి, చక్రాలు కిర్రుమంటూనే ఉన్నాయి. కదిలేవి మాత్రం కొండలే. నాపరాళ్ళ నేల తెల్లగా మెరుస్తోంది. దూరంగా తాటిచెట్లు నీళ్ళలో నిలబడి ఊగుతున్నాయి. అక్కడ నీళ్ళు లేవని ఆమెకి తెలుసు. అయినా చూడ్డానికి బాగుంది కదా అని అటే చూస్తోంది.

ఎదురుగా మిషను దొరసాని గొడుగు కింద కునుకు తీస్తోంది. అమెరికా నుంచి వచ్చి ఏళ్ళు గడిచినా ఆవిడ తెలుగు అచ్చుయంత్రంలోంచి అప్పుడే తీసిన కాగితంలా ఉంటుంది. మెలకువ వచ్చినప్పుడల్లా బండి తోలే ఏసోబుని, "కుమారుడా, ఇంకను ఎంత దూరము?" అంటుంది. ఆ కుమారుడికి ఆవిడకంటే ఎక్కువ జుట్టు నెరిసింది.

"వచ్చేశాం దొరసానమ్మా," అంటాడు ఏసోబు. పొద్దుటి నుంచీ వచ్చేస్తూనే ఉన్నారు.

దయామణి మిషనులో బైబిలు స్త్రీ. పాలేలు తిరిగి ఆడవాళ్ళకి కథలు చెప్పడం, పాటలు నేర్పడం, మంచాన పడ్డవాళ్ళ దగ్గర కూర్చుని ప్రార్థన చెయ్యడం ఆమె పని. కోతల పండక్కి ముందు ఇంకో పని కూడా ఉంటుంది. పాలెంలో ప్రతి ఇల్లాలూ వంటకి జొన్నలు తీసినప్పుడల్లా ఒక పిడికెడు దేవుడి కుండలో వేస్తుంది. ఆ కుండలన్నీ గోతంలోకి వంపుకుని గుడికి చేర్చాలి. యుద్ధం ఇంకా నడుస్తున్న ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కోతలు లేవు. పండగ మాత్రం ఉంది.

పాలెం మొదట్లో వేపచెట్టు కింద బండి ఆగింది. దొరసాని పిల్లల కళ్ళలో మందు చుక్కలు వేస్తూ కూర్చుంది. దయామణి గోతం భుజాన వేసుకుని మణెమ్మ ఇంటికి పోయింది. మణెమ్మ మొగుడు యోబు మిలిటరీ రోడ్ల పనికని అస్సాం పోయాడు. అటు నుంచి కబురే లేదు.

పొయ్యిలో పిల్లి లేవలేదని మాటవరసకి అంటారు. ఇక్కడ నిజంగానే పొయ్యిలో, చల్లటి బూడిద మీద, పిల్లి ముడుచుకుని పడుకుంది.

"రా పంతులమ్మా, రా. ఏంది ఇంత ఎండలో?" మణెమ్మ మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చింది. 

"ఏం వండావక్కా?"

"వంటా? పొద్దున్నే అయిపోయింది."

"కాలా," అంది గుమ్మంలో కూర్చున్న రాహేలు, మణెమ్మ కూతురు. "మొన్నటి కాడ్నుంచీ చింతచిగురే. పళ్ళు పులిసిపోయినయ్యి, చూడు." నోరు తెరిచి చూపించింది.

"ఏమే, పెద్దోళ్ళు మాట్లాడతంటే నీకెందుకే!" అని కసిరి, మణెమ్మ ఉట్టి మీంచి కుండ దించింది. కుండకి సున్నంతో సిలువ గుర్తు. మూత తీసింది. అంచుదాకా జొన్నలు. ఆ చీకటి గుడిసెలో ముత్యాల్లా మెరిశాయి. "ఇదుగో. పోయినేడు సగమే ఇచ్చా. ఈసారి నిండింది. పట్టు గోతం."

దయామణికి కళ్ళు తిరిగినట్టయింది. ఎండేమో. "ఇంట్లో ఇన్ని జొన్నలు పెట్టుకుని పిల్లకి చింతచిగురు పెడతావా?"

"ఇంట్లో యాడున్నయ్యి? అయ్యి దేవుడియ్యి."

"ఈ ఏడు ఉంచుకో అక్కా. ఆయనేం అనుకోడు."

మణెమ్మ మొహం బిగుసుకుపోయింది. "ఏంది, మా కుండ ఆయనకి పనికిరాదా? పాలెమంతా పోసి నేనొక్కదాన్నే పొయ్యకపోతే తలెత్తుకోని తిరగ్గలనా? నాకు ముష్టి పెడతన్నావా పంతులమ్మా? నువ్వు పట్టుకోపోతే నేనే బండి దాకా మోసుకొస్తా."

మోసుకొస్తుంది కూడా. పట్టుకుపోతే ఈ పిల్ల మళ్ళీ చింతచెట్టెక్కాలి.  దయామణి గోతం ఒళ్ళో పెట్టుకుని మంచం మీద చేరగిలబడింది.

"పిండి జాడీ కథ చెప్పు," అంది రాహేలు. "తరగదు కదా, ఆ జాడీ."

దయామణి కళ్ళు సగం మూసుకుని బైబిల్లోని ఆ కథ మొదలుపెట్టింది. కరువు. ఒక విధవరాలు. ఊరి గవిని దగ్గర పుల్లలు ఏరుకుంటోంది. చెబుతుంటే ఆ ఊరు నాపరాళ్ళ ఊరైపోయింది. ఆ దారిలో తాటిచెట్లు నీళ్ళలో ఊగుతున్నాయి. ఆ నీళ్ళమీద నడుస్తున్నట్టు దుమ్ముకొట్టుకుపోయిన ప్రవక్త వస్తున్నాడు. ఉన్న గుప్పెడు పిండితో ఆఖరి రొట్టె కాల్చుకుని చచ్చిపోదామనుకునే మనిషిని పట్టుకుని అంటాడు...

దయామణి ఆగింది. ఈ ముక్క ఆమె ఎప్పుడూ దాటేసేది. ప్రవక్త అయితే మాత్రం అంత సిగ్గులేకుండా అడుగుతారా అని.

"ఏమన్నాడు?" అంది రాహేలు.

"ముందు నాకు పెట్టు అన్నాడు." దయామణి లేచి కూర్చుంది. "అక్కా, నాకాకలేస్తంది. పొద్దున ఏం తినకుండా బండెక్కా. దేవుడి పని మీద వచ్చినదాన్ని. ఆయన కుండలోంచి నాకింత సంకటి పెడతావా, ఎదురింటికి పొమ్మంటావా?"

"ఎదురింటికా!" మణెమ్మకి ఎక్కడలేని పౌరుషం వచ్చింది. "మా గడపలో కూర్చోని దాని చేతి సంకటి తింటావా? నిండా రాళ్ళే!"

"దొరసాని ఉంది, ఏసోబున్నాడు. ముందూళ్ళు తిరిగి మళ్ళీ ఇటే వస్తాం. ఈ పాలెంలో మా మకాం ఇంక నీ ఇల్లే. జొన్నలన్నీ విసిరి ఉంచు. దేవుడి పనోళ్ళకి వండేదీ, దాని పిల్లా పస్తుండకూడదు. అది కూడా ఆయన లెక్కే."

 మణెమ్మ వంగి పిల్లిని పొయ్యిలోంచి లేపింది.

గుమ్మం దగ్గర వెలుగు తగ్గింది. దొరసాని, గొడుగుతో సహా. "ఇది సంఘమునకు చెందిన ధాన్యము కాదా?"

"సంఘం ఇక్కడే ఉంది దొరసానమ్మా," అంది దయామణి. "ఆకలి మీదుంది."

దొరసాని పొయ్యి చూసింది. పిల్లని చూసింది. గొడుగు ముడిచి నేలమీద కూర్చుంది. "నేనును ఆకలిగొనియున్నాను," అంది. రాహేలు కిసుక్కున నవ్వింది.

మణెమ్మ కుండ మొత్తం చాటలోకి వంపింది. చెరిగింది. తిరగలి ముందు కూర్చుంది. గింజలు పొయ్యబోతూ, ఎప్పటిలాగే, చూడకుండానే, చాటలోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న కుండలో వేసింది.

 తిరగలి గుర్రుమంటూ తిరగడం మొదలుపెట్టింది. రాహేలు కుండ మీదికి వంగి, తల లోపల పెట్టి చూసింది.

"అమ్మా," అంది కుండలోంచి, గొంతు గుయ్యిమంటుండగా. "ఖాళీ కాలా!"