ఐదో మంచం

మంచం మీద దుప్పటి పరిచి, నాలుగు మూలలూ పరుపు కిందికి దోపి, ముడత పోయేలా అరచేత్తో ఒకసారి రాసింది. హోటల్లో గదులు సర్దే పనిలో చేరిన దగ్గర్నుంచీ ఆ రాయడం చేతికి అలవాటైపోయింది. ఎవరెవరో దొర్లి లేచిపోయిన పక్కల్ని అసలెవరూ పడుకోనట్టు చెయ్యడమే ఆమె ఉద్యోగం. ఈ ఉదయం మాత్రం తన ఇంట్లో, తనవాళ్ళ కోసం పరుస్తోంది. అందుకే నడుము పీకేస్తున్నా పట్టించుకోలేదు.

తనిఖీకి వస్తున్నారు. ఈ దేశంలో సొంతవాళ్ళని రప్పించుకోవాలంటే ముందు ఇల్లు చూపించాలి. మనిషికో మంచం ఉండాలి. గదికి ఇద్దరికి మించకూడదు. హాలు లెక్కలోకి రాదు. భర్త ఇంకో దేశంలో లారీ నడుపుతున్నాడు. అత్తామామలు ఊళ్ళో ఉన్నారు. పదకొండేళ్ళ కూతురు మేనత్త ఇంట్లో పెరుగుతోంది. ఒక్క చోట కూర్చుని అన్నం తినాల్సినవాళ్ళు ఒకరికి తెల్లారితే ఇంకొకరికి పొద్దుగూకే చోట్ల ఉండి ఫోన్లలో పలకరించుకుంటున్నారు. అందరూ ఈ రెండు గదుల్లోకి వచ్చి పడితే చాలు, తన పని అయిపోయినట్టేనని ఆమె గంపెడాశ పెట్టుకుంది.

గదులు పంచింది భర్తే. లారీలో కూర్చుని, వీడియోలో ఇల్లంతా తిప్పి చూపించమని మరీ పంచాడు.

"గాలొచ్చే గది అమ్మానాన్నలకియ్యి. నాన్న మంచం బాత్రూము వైపు వెయ్యి. రెండోది నాకు. పిల్ల మంచం మూలకి నెట్టు. కిటికీ పక్కన నా తల పెట్టకు, ఎండ పడుతుంది."

రాని మనిషి తలకి ఎండ తగలకుండా ఆమె మంచం రెండుసార్లు జరిపింది.

తనిఖీకి వచ్చినావిడ జుట్టు నెరిసింది. మనిషి నెమ్మది. ఒక్కో మంచం దగ్గరా ఆగి అడిగింది.

"ఇదెవరిది?"

"మా మామగారిది. పక్కది అత్తగారిది."

"ఇది?"

"మావారిది. ఆ చిన్నది మా అమ్మాయిది."

"మరి మీది?"

ఆమెకి నవ్వొచ్చింది. వడ్డించే మనిషిని నీ విస్తరేదీ అని అడిగినట్టుంది. వంటింట్లోకి తీసుకెళ్ళి, వాషింగ్ మెషిన్ వెనక నుంచి చుట్టిన బొంత బయటికి లాగి చూపించింది. "ఇదిగోండి. పొద్దున్నే చుట్టేస్తాను. ఎవరికీ అడ్డముండదు." ఆ మాట కాస్త గొప్పగానే చెప్పింది, పాపం.

"మంచం కొనడం మర్చిపోయారా?"

మంచం కొనడం మర్చిపోలేదు. తనూ ఆ ఇంట్లో ఒక మనిషినేనన్నది మర్చిపోయింది. కాపురానికి వెళ్ళిన రోజు నుంచీ అందరికీ పక్కలు వేశాక మిగిలిన చోటే ఆమె చోటు. చుట్టాలొస్తే వంటిల్లు. పిల్ల ఏడిస్తే, ఆయన నిద్ర చెడకుండా, హాలు. ఆయన పిలిస్తే గది. నాకిక్కడ చోటు కావాలి అని ఏ రోజూ అనలేదు. అనాలని తోచనూ లేదు.

"మీతో కలిపితే ఐదుగురు," అంది నెరిసిన జుట్టావిడ. "ఈ ఇంట్లో నలుగురికే కుదురుతుంది. దరఖాస్తులోంచి ఒక పేరు తీసెయ్యాలి. సాయంత్రం ఆఫీసు మూసేలోపు ఫోన్ చెయ్యండి. లేకపోతే మళ్ళీ మొదటికొస్తుంది."

భర్తకి చెప్పింది. ఆయన లారీ పక్కకి ఆపి మరీ విసుక్కున్నాడు.

"నిన్నెవరు లెక్కలోకి రమ్మన్నారు?"

"ఆవిడ అడిగిందండీ."

"అడిగితే? హోటల్లో పనివాళ్ళకి గదులుంటాయన్నావుగా. అక్కడే పడుకుంటానని చెప్పు."

"ఇల్లు నా పేరునే ఉంది కదండీ."

"పేరుంటే ఉండనీ. పడుకునేది ఎక్కడని కదా గొడవ!"

ఊళ్ళోంచి అత్తగారిని కూడా అదే ఫోన్లోకి కలిపాడు. ఆవిడ విని బుగ్గలు నొక్కుకుంది. "ఇంటి ఆడదానికి మంచమేంటే అమ్మాయ్? నేను నలభై ఏళ్ళు వంటింటి గడపకి తల పెట్టి పడుకున్నా. అరిగిపోయానా, కరిగిపోయానా?"

ఆ గడప దగ్గర ఆవిడని దాటుకుంటూ తను ఎన్ని తెల్లవారుజాములు పొయ్యి వెలిగించిందో ఈమెకి గుర్తొచ్చింది. ఇద్దరూ ఒకరికొకరు అడ్డమే అయ్యారు గానీ, ఎవరి చోటు ఏదని ఒకరినొకరు అడగలేదు.

"పోనీ పిల్లని ఆపెయ్," అన్నాడు భర్త, పెద్ద మనసు చేసుకుని. "అక్క దగ్గరుంది. తిండికి లోటా, బట్టకి లోటా? వచ్చే ఏడు చూద్దాం."

ఎందుకు చేసిందో తెలీదు, కూతురికి ఫోన్ చేసింది. వెనక గిన్నెల చప్పుడు.

"ఏం చేస్తున్నావే?"

"అంట్లమ్మా. అత్తయ్యకి నడుం నొప్పట."

"నువ్వెక్కడ పడుకుంటున్నావు అక్కడ?" ఇన్నాళ్ళలో ఈ ప్రశ్న ఆమె ఒక్కసారైనా అడగలేదు.

"ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. నిన్న మావయ్యగారి స్నేహితులొచ్చారు, వంటింట్లో పడుకున్నా. అలవాటైపోయిందిలే అమ్మా. పొద్దున్నే చుట్టేస్తే ఎవరికీ అడ్డం ఉండదు."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. అందరూ ఒక్కచోట ఉండాలనే కదా ఇన్నేళ్ళూ ఒళ్ళు హూనం చేసుకుంది. ఆ అందరూ వచ్చి ఎవరి మంచాలు వాళ్ళెక్కితే, పిల్ల లేచి ఎవరి పక్కలు ముందు ఎత్తుతుందో కళ్ళక్కట్టినట్టు కనపడింది. రేపట్నుంచీ ఫోన్లు మోగుతాయి. దీనికి ఒళ్ళు బలిసిందంటారు. అననీ. ఆమెకేం ధైర్యం పుట్టుకు రాలేదు. ధైర్యానికైనా కాస్త ఓపిక ఉండాలి, అది ఎప్పుడో అయిపోయింది.

ఆఫీసుకి ఫోన్ చేస్తే ఆ నెరిసిన జుట్టావిడే ఎత్తింది.

"ఎవరి పేరు తీసెయ్యమంటారు?"

"మావారిది. అత్తగారిది. మామగారిది."

"ఒక్కటి తీస్తే చాలన్నాను కదమ్మా."

"విన్నానండీ," అంది. "మా అమ్మాయికి ఒక గది. నాకొకటి."