అత్తగారి గ్రామఫోన్ ఆగిన రోజు

మా అత్తగారి గ్రామఫోన్ ఆగిపోయింది నా చేతిలోనే. మా మామ చేతిలో ఆగొచ్చు, పక్క గుడారంలో ఉండే ఊల్‌బాల చేతిలో ఆగొచ్చు. అలా ఎందుకు జరుగుతుంది? ఆ ఇంటికి కోడలినై వచ్చి ఇంకా నెల తిరగని నా చేతిలోనే ఆగింది.

అది మామూలు పెట్టె కాదు. యుద్ధానికి ముందు ఓ ఏడాది, మంచు తుఫానులో ఒక్క గొర్రెపిల్లను కూడా పోగొట్టుకోకుండా మందను ఇంటికి చేర్చినందుకు, సమష్టి క్షేత్రం వాళ్ళు సభ పెట్టి మరీ మా అత్తకు ఇచ్చిన బహుమతి. మూత లోపల ఇత్తడి రేకు మీద ఆవిడ పేరుంటుంది. ఏటా వేసవిలో మందలతో కొండల మీది సుసామీర్ పచ్చిక మైదానానికి ఎక్కి వచ్చేటప్పుడు గుడారం కర్రలు ఒంటె మీద, గ్రామఫోన్ మాత్రం ఆవిడ ఒళ్ళో.

ఆ పొద్దున బయట గడ్డి మీద మంచు పేరుకుని ఉంది. "పిల్లా, దానికి కాస్త కీ ఇవ్వు. పాలు పితుకుతూ వింటాను" అంది అత్త. ఇచ్చాను. బిగువు తగలగానే చెయ్యి తీసేసి, ఆపుమీట వదిలాను. రికార్డు పళ్ళెం కదల్లేదు. వేలితో తోస్తే కొంచెం కదిలి మళ్ళీ మొరాయించింది.

అత్త పాలచెంబు పక్కన పెట్టి వచ్చి చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎక్కువ తిప్పి స్ప్రింగు తెంపేసుంటుంది" అంది ఊల్‌బాల, పిలవకుండానే వచ్చి. "తోక్మోక్ బజార్లో పెరిగిన పిల్ల కదా. కుండ కడగమంటే మూతి పగలగొట్టి తెచ్చే రకం!" అని పడీపడీ నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. నాకు తోటికోడలు లేని లోటు ఊల్‌బాల తీర్చింది.

అత్త పెట్టె మూత నెమ్మదిగా మూసింది. "ఎల్లుండి ఉన్ని లారీ కిందికి వెళ్తుంది. దీన్ని బాగుచేయించడానికి పంపుదాం. నువ్వూ అందులోనే వెళ్ళి, మీ అమ్మ దగ్గర కొన్నాళ్ళుండి రా."

గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది. కొత్త కోడలు నెల తిరక్కుండా లారీ దిగి పుట్టింటి గుమ్మంలో నిలబడితే, మా వీధిలో ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, వాళ్ళే అల్లుకుంటారు. మా ఆయన గుర్రాల మందతో పై కనుమలో ఉన్నాడు. ఇక్కడే ఉన్నా పెద్ద లాభం లేదు, వాళ్ళమ్మ ముందు నోరెత్తే మనిషి కాదు. ఇక మా మామ. ఆయన పేరు నా నోట రాకూడదు, ఇప్పటికీ రాదు. ఓ మూల కూర్చుని కళ్ళెం కుట్టుకుంటున్నాడు. తల ఎత్తకుండా, "బాగా బిగుసుకుందా?" అని మాత్రం అడిగాడు.

"అత్తయ్యా, ఒక్కసారి విప్పి చూస్తాను" అన్నాను.

"ఆ, మిగిలింది కూడా పాడు చెయ్యి."

"స్ప్రింగు తెగితే కీ వదులుగా గిరగిరా తిరగాలి. ఇది బిగువుగా ఉంది, మీరే తిప్పి చూడండి. మా బడి క్లబ్బులో ఇలాంటిదాన్ని ఎన్నోసార్లు విప్పాం."

ఆవిడ కీ పట్టుకుని తిప్పబోయింది. కదల్లేదు. చాకు నా వైపు తోసింది.

మరలు విప్పి, యంత్రం బిగించిన పలకను పైకెత్తి అంచు మీద నిలబెట్టాను. స్ప్రింగు డబ్బా జోలికి మాత్రం పోలేదు. కీ నిండిన స్ప్రింగు కట్టేసిన కుక్క లాంటిది, విప్పినవాళ్ళనే ముందు కరుస్తుంది. పళ్ళచక్రాలు బాగానే ఉన్నాయి. ఆపుమీట కూడా ఎక్కడా పట్టుకోలేదు. చివరికి వేగాన్ని అదుపు చేసే చిన్న సీసపు గుండ్ల దగ్గరికి వచ్చాను. అవి తిరిగే ఇరుసు చుట్టూ తెల్లగా ఏదో గడ్డకట్టి ఉంది. గోటితో గీకి వాసన చూశాను. గొర్రె తోక కొవ్వు!

మా మకాంలో దాన్ని జీను పట్టీలకూ, బూట్లకూ, బండి ఇరుసుకూ, తలుపు బందులకూ, ఆఖరికి సొంత మోకాలికీ రాసే మనిషి ఒక్కరే. ఆయన కళ్ళెంలోంచి తల ఎత్తడం లేదు.

మామ తప్పు ఎత్తి చూపించిన కోడలికి ఆ గుడారంలో బతుకుంటుందా? నోరు మూసుకుని పలకను పొయ్యి దగ్గరికి జరిపాను. సెగకు కొవ్వు మెల్లగా కరిగి, చుక్క చుక్కగా జారింది. గుండ్లు వణికాయి. మరుక్షణం గిర్రున అందుకున్నాయి, పళ్ళెం తిరిగింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అక్కడే కూలబడి, సిగ్గు లేకుండా కళ్ళు తుడుచుకున్నాను.

"చలికి బిగుసుకుంది అత్తయ్యా, అంతే" అన్నాను.

అత్త వంగి, కారిన కొవ్వును వేలితో అద్ది ముక్కు దగ్గర పెట్టుకుంది. "చలికి గొర్రె తోక వాసన ఎప్పట్నుంచొస్తోందే?"

మామకు ఉన్నట్టుండి గుర్రాలకు నీళ్ళు పెట్టాలని గుర్తొచ్చింది. ఊల్‌బాలకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి.

కిరసనాయిలు గుడ్డతో ఇరుసు శుభ్రంగా తుడిచి, రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేశాను. మరలు బిగించి రికార్డు పెట్టాను. వాద్యం ఖంగున మోగింది. అత్త చాలాసేపు ఇత్తడి రేకు వైపు చూస్తూ కూర్చుంది. లారీ మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను బిందె పట్టుకుని గుడారం ముందున్న వాగుకు వెళ్ళాను. మామ అక్కడే ఉన్నాడు. గుర్రాలు మాత్రం లేవు.

"కీచుమంటోందని రాశానమ్మా" అన్నాడు, గొంతు తగ్గించి. "బండికి బాగానే పనిచేసింది. దీనికి కూడా నిన్న మధ్యాహ్నం ఎండలో బాగానే..."

"పొద్దున్నే తెలుసా మీకు?"

"అనుమానమొచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"మీ అత్తకా?" అన్నాడు, తోడేలు పాలు పితకమన్నంత కంగారుగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. కోడలి గొంతు గుడారం దాటకూడదని మా అమ్మ నేర్పిందంతా వాగులో కలిసింది. "నన్ను లారీ ఎక్కిస్తుంటే కూడా నోరు పెగల్లేదే మామయ్యా! మీ మోకాలికి రాసుకునే కొవ్వు పాటి చెయ్యనా నేను?"

అన్నాక వెనక్కి చూశాను. గుడారం గుమ్మంలో తెర ఎత్తి పట్టుకుని అత్త నిలబడి ఉంది. అంతా విన్నది. నా చేతిలో బిందె అలాగే ఉండిపోయింది.

"ఇంకా గట్టిగా అడుగు పిల్లా" అంది ఆవిడ. "ముప్పయ్యేళ్ళుగా నేనొక్కదాన్నే అడుగుతున్నాను."

మామ నా వైపు దీనంగా చూశాడు. నేను బిందె కింద పెట్టి, గట్టిగానే అడిగాను.