డాక్టరు ముందు దగ్గకూడదని

మా ఆయన ఓద్వార్‌కు ఆయాసం వస్తే పక్కింటివాళ్ళకు కూడా వినిపిస్తుంది. అయినా ఎవరడిగినా బాగానే ఉన్నానంటాడు. మా నార్వేవాళ్ళం అంతే, ఇల్లు తగలబడుతున్నా కాస్త వెచ్చగా ఉందంటాం.

ఊరి బ్యాండులో ట్యూబా, అంటే ఒళ్ళో పట్టనంత పెద్ద ఇత్తడి బూర, ఆయనదే. మే పదిహేడున, దేశమంతా పండగ చేసుకునే రోజు, బ్యాండు వాయిస్తూ చర్చి గుట్ట ఎక్కాలి. మూడేళ్ళుగా ఓద్వార్ సగం దారిలోనే బెంచీ మీద కూలబడుతున్నాడు. ఆస్తమా ముదిరి ఏ మందుకూ లొంగడం లేదు. ఈసారీ ఎక్కలేకపోతే ట్యూబా బ్యాండుకు తిరిగి ఇచ్చేస్తానన్నాడు. మాట తేలిగ్గానే అన్నాడు గానీ, తర్వాత దాన్ని తుడుస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

పెద్దాసుపత్రిలో ఇంగున్ అనే డాక్టరమ్మ బయోలాజిక్ అనే కొత్తరకం ఇంజెక్షన్ల గురించి చెప్పింది. అవి అందరికీ పనిచెయ్యవట, ఎవరికి పనిచేస్తాయో ముందే అంచనా వెయ్యాలట. రక్తంలో ఇసినోఫిల్ అనే ఒకరకం తెల్లకణాలు ఎక్కువుంటే ఆశ ఎక్కువ. రక్తం తీసి చూస్తే ఓద్వార్‌కు అవి దాదాపు లేవు. ఇంజెక్షన్ల వల్ల పెద్దగా లాభం ఉండకపోవచ్చని ఆమె మెల్లగా చెప్పింది. ఆయన థాంక్స్ చెప్పి కోటు తొడుక్కున్నాడు.

తర్వాత వారం ఆమే ఫోన్ చేసింది. ఇంత ముదిరిన ఆస్తమా మనిషి ఛాతీలో ఆరోజు ఒక్క పిల్లికూత కూడా వినపడలేదని, అది తన మనసులో నలుగుతోందని చెప్పింది. మరీ తిరగబెడితే వేసుకోమని ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు గానీ వేసుకుని వచ్చారా అని అడిగింది. నేను ఫోన్ స్పీకర్లో పెట్టి ఆయన వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూశాడు.

"వేసుకున్నాను," అన్నాడు చివరికి. "ఆమె ముందు దగ్గుతూ కూర్చుంటే ఏం బాగుంటుంది?"

"ఆయాసం చూసే డాక్టరు దగ్గరికి ఆయాసం ఇంట్లో దాచిపెట్టి వెళ్తావా?" అన్నాను. "మంత్రసాని దగ్గర సిగ్గుపడ్డట్టుంది నీ వరస."

అవతల డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ కణాలను అణిచేసేది ఆ మాత్రలేనట. మాత్రలు వేసుకోని రోజుల్లో మా ఊరి డాక్టరు చేయించిన పాత పరీక్ష తెప్పించి చూసింది. అందులో కణాలు పుష్కలంగా ఉన్నాయి. అంచనా తలకిందులైంది. ఒంట్లో ఏదో ఎక్కువుందంటే సంబరపడటం నాకదే మొదటిసారి.

అయినా ఆమె మాట ఇవ్వలేదు. ఆశ పెరిగిందన్నాను, అంతే, అంది. గుట్ట ఎక్కితే తనకు కేకు పంపమంది. ఎక్కకపోతే తనే చేసి పంపుతానంది.

జనవరిలో ఇంజెక్షన్లు మొదలయ్యాయి. మార్చిలో ఓద్వార్ మెట్లెక్కుతూ ఈల వేశాడు. ఏప్రిల్లో నాతో గొడవ పెట్టుకున్నాడు, ఊపిరి కోసం మధ్యలో ఎక్కడా ఆగకుండా. ఆ గొడవ నాకెంత తియ్యగా ఉందో చెప్పలేను.

పండగ ముందురోజే స్ట్రాబెర్రీలు పెట్టి డాక్టరమ్మ కేకు చేసేశాను. అంచనాలు వెయ్యడం డాక్టర్లకేనా వచ్చేది?

మర్నాడు ఊరంతా జెండాలు, మూతుల నిండా ఐస్‌క్రీం పూసుకున్న పిల్లలు, ఉన్ని పండగబట్టల్లో చెమటలు కక్కుతున్న మేము. బ్యాండు గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. నేను పక్కనే పరుగెత్తాను. బెంచీ వచ్చింది. ఓద్వార్ దానివైపు చూడనైనా చూడకుండా దాటేశాడు. ట్యూబా మోత ఆగలేదు. పైకి చేరేసరికి నాకు కళ్ళ నిండా నీళ్ళు. గుండె దడదడలాడుతుంటే, ఊపిరాడక చర్చి గోడ పట్టుకున్నాను.

పాట అయ్యాక ఆయన ట్యూబా దించి నన్ను ఎగాదిగా చూశాడు.

"బోర్గిల్, డాక్టరమ్మ నంబరు ఇవ్వనా?" అన్నాడు. "వెళ్ళేముందు మాత్రలు మాత్రం వేసుకోకు."