కోడెదూడ సారం

ఆవు పొద్దున్నుంచీ నొప్పులు పడుతోంది. దూడ ముందరి కాలు ఒక్కటే బయటికి వచ్చి ఆగిపోయింది. దంతాలపల్లిలో ఏ గొడ్డుకు ఈత కష్టమైనా ఎల్లేశ్‌నే పిలుస్తారు. ఇవాళ సొంత ఆవు దగ్గరికి పోవడానికే అతనికి కాళ్లు రావడం లేదు.

అంతా ఇందాకటి ఫోను వల్లే. అరవై దాటాక ఒంట్లో సత్తువ పోయిందని జనగామలో రక్తపరీక్ష చేయించుకుంటే, మగతనపు హార్మోన్ టెస్టోస్టిరాన్ తగ్గిందన్నారు. అక్కడే మందులు అమ్మే మేనల్లుడు రాజేశ్ అది పెరుగుతుందని పెప్టైడ్ గోలీలు ఇచ్చాడు. భార్య సాయమ్మకు మోకాళ్ల మందని చెప్పి మింగుతున్నాడు. సీసా అయిపోవచ్చిందని ఫోన్ చేస్తే రాజేశ్ గొప్పగా చెప్పాడు.

"నకిలీది కాదు మామా. లేత కోడెదూడల బీజాలకెల్లి తీసిన సారం."

దూడల వృషణాల సారం మింగానని తెలిసినప్పటినుంచి నోరు పుక్కిలిస్తూనే ఉన్నాడు. కొట్టంలోకి అడుగుపెట్టగానే ఆవు చెవులు వెనక్కి వంచింది. అతన్ని చూసి ఎన్నడూ అలా చేయలేదు.

"ఏంది గట్ల నిలవడ్డవ్? చెయ్యి పెట్టు!" సాయమ్మ అరిచింది.

"పోశాలును పిలువు, నాతోని కాదు."

"గొర్లు కాసెటాయనకు ఆవు సంగతి ఏం ఎర్క? దూడ సచ్చిపోతది!"

చేతికి నూనె రాసుకున్నాడు. చెయ్యి లోపలికి పోనిచ్చి తడిమాడు. రెండో కాలు వెనక్కి మడతపడి ఉంది. గిట్టను అరచేతిలో దాచి మెల్లగా సవరించి, నొప్పి వచ్చినప్పుడు లాగాడు. దూడ గడ్డి మీద పడింది.

ఊపిరి లేదు.

ముక్కు తుడిచాడు. గడ్డిపరక పెట్టి కదిపాడు. కదల్లేదు.

"ఊదు!"

ఈ నోటితోనా? నా వల్లే పోతోంది, అనుకున్నాడు. కళ్లు మూసుకుని దూడ ముక్కులో ఊదాడు. మళ్లీ ఊదాడు. దూడ తుమ్మింది.

"కోడె!" సాయమ్మ నవ్వింది. "మోకాళ్ల మందు మంచిగనే పనిజేస్తుంది. పడుచు పోరని లెక్క గుంజినవ్."

ఎల్లేశ్ అక్కడే కూలబడ్డాడు. ఆ గోలీలు ఎందుకు తెచ్చాడో, దేనితో చేశారో చెప్పడం మొదలుపెట్టాడు. సాయమ్మ నవ్వు ఆగిపోయింది. చప్పున అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మెల్లగ. దాని చెవుల పడతది."

ఇద్దరూ తిరిగి చూశారు. ఆవు దూడను నాకడం ఆపి, తలెత్తి వీళ్ల వైపే చూస్తోంది.