రంగెయ్యని బండి

పుట్టీ బాబాయ్ కారు తలుపును ఒళ్లో పెట్టుకుని సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తున్నాడు. లోపల వైపు ఇనుప దిమ్మ ఆనించాడు. కాసేపు కొట్టడం, ఆగడం, కళ్లు మూసుకుని అరచేత్తో రేకును నిమరడం. రేకు కాస్త ఎగుడుదిగుడుగా తగిలినా ఆయనేమీ కంగారుపడడు. ఆ పైన గుంటలు పూడ్చే పుట్టీ ఉంది, గరుకు కాగితం ఉంది, అన్నిటి మీదా రంగు ఉంది. “రంగు పడితే అంతా సర్దుకుంటుంది” అన్నది ఆయన ఊతపదం. పెళ్లింట్లో గొడవైనా, పక్కింటి గోడ బీటలిచ్చినా అదే మాట. బాబాయ్ పోతే ముందు పుట్టీ పూసి ఆ తర్వాత ఏడవాలని పెయింటర్ ఏడిపిస్తుంటాడు. బాబాయ్ కూడా నవ్వుతాడు. నవ్వితే పై వరసలో పన్ను లేని చోటు నల్లగా కనిపిస్తుంది.

షెడ్డు ఆయన బావమరిదిది. ఒకప్పుడు పక్కన కూర్చుని దీపం పట్టుకుని ఈ బావ దగ్గరే పని నేర్చుకున్నాడు. వాడికి చేతులతో పాటు బుర్ర కూడా ఉంది, యజమాని అయ్యాడు. బాబాయ్‌కి చేతులే ఉన్నాయి. దానికాయనకు బాధేమీ లేదు. ఎక్కడ పనిచేస్తున్నావని అడిగితే “మావాడి షెడ్డులో” అని కాస్త గర్వంగానే చెప్పేవాడు.

బాధల్లా ఈమధ్య పని తగ్గిపోవడం. కొత్త కార్లకు సగం ఒళ్లు ప్లాస్టిక్కే. సొట్టపడితే తీసి పారేసి కొత్తది బిగిస్తారు. పనిలేని రోజున బాబాయ్ మూల పడున్న పాత మడ్‌గార్డు తెచ్చుకుని దాన్నే కొడుతూ కూర్చుంటాడు. లోపల గదిలో ఉన్న బావమరిదికి సుత్తి చప్పుడు వినపడాలి కదా మరి. వాడు ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయనకు గుబులుగా ఉండేది.

ఆ రోజు భోజనాల వేళకు ముందు ఒక బండి చప్పుడు లేకుండా వచ్చి గుమ్మంలో ఆగింది. టైల్స్ కొట్టు యజమాని కొత్తగా కొన్న కరెంటు పికప్పు. దానికి ఎక్కడా వంపన్నది లేదు. స్కేలు పెట్టి గీసినట్టు ముందు నుంచి నడినెత్తికి ఒక గీత, అక్కడినుంచి తోక దాకా ఇంకో గీత. ఒళ్లంతా పచ్చి ఉక్కు. రంగు చుక్క లేదు.

అందరూ చేతిలో పని వదిలేసి చుట్టూ మూగారు. బీరువాకు చక్రాలు బిగించి రోడ్డు మీదికి తోలారన్నాడు పెయింటర్. రంగే లేకపోతే నా నోట్లో మట్టి కొట్టినట్టే కదా అని వాపోయాడు. దీని బ్యాటరీతో డ్రిల్లు ఆడించుకోవచ్చు, కోత మిషను ఆడించుకోవచ్చు, ఇంతకన్నా ఏం కావాలని ఎలక్ట్రీషియన్ మురిసిపోయాడు. కొట్టులో సరుకు దించే మనిషి బండి వెంటే వచ్చాడు. అతని గోడు వేరు. పక్కగోడలు ఏటవాలుగా పైకి లేచిపోయాయి, బయట నిలబడి చెయ్యి పెడితే పెట్టె అందదు, ప్రతిదానికీ లోపలికెక్కి పాకాలి, వీళ్ల సోకు మా నడుముల మీదికొచ్చిందని గొణిగాడు. టైల్స్ యజమాని అవేవీ చెవిన పెట్టలేదు. రోడ్డు మీద జనం తలతిప్పి చూస్తున్నారు, కొట్టుకు అంతకు మించిన బోర్డు ఏముంటుందన్నాడు.

బాబాయ్ మాత్రం బండి గోడౌను స్తంభానికి గుద్దుకున్న చోటు, వెనక చక్రం పైన, చెయ్యి వేసి చూస్తున్నాడు. పెద్ద సొట్ట కాదు, అరచెయ్యి పట్టేంత.

“బావా, దాన్ని నువ్వు ముట్టుకోకు,” అన్నాడు బావమరిది. “దీనికి వేరే మనిషిని పిలిపిస్తున్నా. రేపొస్తాడు.”

అని యజమానిని తీసుకుని ఎదురుగా టీ కొట్టుకు వెళ్లాడు. మిగతావాళ్లు ఎవరి పనికి వాళ్లు పోయారు.

వేరే మనిషి. ఆ మాట బాబాయ్‌కి ముల్లులా గుచ్చుకుంది. ఈ బండికి వచ్చినవాడు రేపు ఇంకో బండికి రాడా? ఇంత సొట్ట కూడా తీయలేనివాడు ఈ షెడ్డులో ఎందుకు? వాళ్లు తిరిగొచ్చేసరికి తీసి చూపిస్తే సరిపోతుందనుకున్నాడు. చక్రం సందులోంచి దిమ్మ దూర్చి, సుత్తి ఎత్తాడు.

ఉక్కు మందంగా ఉంది. రేకు చెప్పినట్టు ఇది చేతికి ఏమీ చెప్పలేదు. ఇంకాస్త గట్టిగా కొట్టాడు. సొట్ట సొట్టలాగే ఉండి, దాని అంచున నాణెమంత గంటు పడింది. ఆ తర్వాత జరిగినదంతా చేతులే చేశాయి. డబ్బా మూత తీశాయి, పుట్టీ కలిపాయి, గంటు మీద పూశాయి. ఆరీ ఆరకముందే గరుకు కాగితం అందుకుని నీళ్లు చల్లుకుంటూ గుండ్రంగా రుద్దాయి. అంచులు నున్నగా కలిశాయి. అలవాటుగా ఆయన పెయింటర్‌ను కేకేశాడు.

పెయింటర్ రంగు తుపాకీ పట్టుకునే వచ్చాడు. బండిని చూశాడు, బాబాయ్‌ని చూశాడు.

“దీనికి రంగేదీ బాబాయ్?”

గీకితే పుట్టీ వచ్చేసింది. గరుకు కాగితం గీతలు మాత్రం పోలేదు. ఉక్కు మీద చేటంత మేర గుండ్రంగా గజిబిజిగా ఉండిపోయాయి.

టైల్స్ యజమాని చాలాసేపు వాదించాడు. ఆ పక్క ఉక్కు మొత్తం తన ఖర్చుతో కొత్తది వేయించి ఇస్తానని బావమరిది ఒప్పుకుని, చేతులు పట్టుకుని పంపించాడు. అప్పటికి పొద్దు వాలింది. వాడు తిడతాడని బాబాయ్ ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది.

“రేపట్నుంచి ఇంటిపట్టునే ఉండు బావా. అక్కకి నేను చెప్తాలే.”

“వద్దురా. నేనే చెప్తా. నువ్వు చెప్తే ఏడుస్తుంది.”

బాబాయ్ కిరసనాయిలుతో చేతులు తుడుచుకుని, సబ్బుతో కడుక్కుని, చొక్కా మార్చుకుని వెళ్లిపోయాడు. గేటు దగ్గర ఆగలేదు.

షట్టరు దించబోతూ బావమరిది బల్ల మీద క్యారియర్‌ను చూశాడు. రోజూ బావా బావమరుదులు ఎదురెదురుగా కూర్చుని తినేది దాంట్లోదే. అక్క ఇద్దరికీ కలిపే కట్టి పంపుతుంది, తమ్ముడికి కారం పడదని వాడి కూర వేరే గిన్నెలో పెడుతుంది. ఆ గొడవలో ఇవాళ ఇద్దరికీ తిండి గుర్తు రాలేదు. ఎత్తి చూశాడు, బరువుగానే ఉంది. ఇంటికి పట్టుకెళ్లి ఇవ్వాలంటే అక్క ముఖం చూడాలి. మళ్లీ అక్కడే పెట్టేశాడు. పిడికి అక్క వేసిన గుడ్డముడి విప్పకుండానే ఉంది.