పన్నెండడుగుల ఫ్లెక్సీలో పదకొండు మొహాలు

నరసన్నపేట వర్తక సంఘానికి ఆ ఏడు తానే అధ్యక్షుడు కావాలని స్టీలు సామాన్ల సూర్యారావుగారు గట్టిగా అనుకున్నారు. ఆ సంఘంలో ఓట్లూ గీట్లూ ఉండవు. పదకొండు మంది పెద్దలు ఆదివారం నాడు కూర్చుని, అందరూ ఒకే పేరు చెప్పాలి. ఒక్కరు మూతి ముడిచినా ఆ పేరు పోయినట్టే. కిందటేడు సూర్యారావుగారి పేరు అలాగే పోయింది. ఆయన హైవే కూడలిలో కట్టించిన ఫ్లెక్సీలో ఎరువుల కొట్టు చినబాబుగారి మొహం మిగతావాళ్ళ కన్నా చిన్నదిగా పడిందట. చినబాబుగారు అలిగి, సమావేశానికి రాకుండా రామతీర్థం వెళ్ళి కూర్చున్నారు. పేరుకి చినబాబే కానీ ఆయనకి డెబ్బై ఏళ్ళు.

అందుకని ఈసారి ఫ్లెక్సీ బొమ్మ బయటివాళ్ళ చేతిలో పెట్టకూడదని సూర్యారావుగారు నిశ్చయించుకున్నారు. ఇంట్లో కొత్త కోడలుంది, కోడలికి ల్యాప్‌టాప్ ఉంది.

అనూరాధది శృంగవరపుకోట. బీఎస్సీ కంప్యూటర్స్ చదివింది. పెళ్ళయి మూడు నెలలైంది. ఫోటోలు దిద్దే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించుకుని, పెళ్ళి ఫోటోలో తమ వెనకాల గరిటె పట్టుకు నిలబడ్డ వంటవాణ్ణి చెరిపేసి, ఆ చోట మంచు కొండలు పెట్టింది. అది చూసి మొగుడు ఆనంద్‌కుమార్ మండు వేసవిలో శాలువా కప్పుకుని వచ్చి, "సలేస్తన్నాది, కాస్త జరుగు" అంటూ ఆమె కుర్చీలోనే ఇరుక్కుని కూర్చున్నాడు. ఆ మాటకే ఆమె రెండు రోజులు నవ్వుకుంది. అలాంటి పిల్లకి మావగారు పని చెప్తే ఎగిరి గంతెయ్యదూ?

"ఏటమ్మా, ఫ్రీ అంటే పూర్తిగా ఫ్రీయేనా?" అని సూర్యారావుగారు అడిగారు.

"పూర్తిగా ఫ్రీయే మావయ్యగారూ."

"అయితే మంచిదే అయ్యుంటాది."

పెద్దల ఫోటోలు వచ్చాయి. ఒకరిది రేషన్ కార్డు మీంచి పీకిన ఫోటో, మొహం మీద సగం ముద్ర ఉంది. నూనె కొట్టాయన పెళ్ళి ఫోటో పంపారు. ఆయన భార్యని ఎంత జాగ్రత్తగా కత్తిరించినా ఆవిడ జూకా ఒకటి ఆయన భుజానికి వేలాడుతూనే ఉంది. సాఫ్ట్‌వేర్‌కి వెనక గోడేదో, ముందున్న చెవేదో తెలియదు. గోడతో పాటు ముగ్గురి చెవులు పోయాయి. అనూరాధ ఆనంద్‌కుమార్ చెవుల్ని ఫోటో తీసి వాళ్ళకి అతికించింది. వేసుకోవడానికి అందులో కోట్లూ టైలూ ఉన్నాయి గానీ కండువా లేదు. దాంతో మావగారి కండువానే కోసి పదకొండు మందికీ కప్పింది. ఒకటే జరీ, ఒకటే మడత.

ఇంతా చేశాక అసలు చిక్కు మధ్య చోటు దగ్గర వచ్చింది. ఫ్లెక్సీలో మధ్య మొహం పెద్దది. చుట్టూ పది చిన్నవి. ఆ మధ్యన ఎవరు?

ముందుగా చినబాబుగారే వచ్చారు. ఆయన వీధి మలుపు తిరగడం చూసి సూర్యారావుగారు వంట గదిలోకి పరిగెత్తుకొచ్చారు.

"అమ్మాయ్, ఆ మొహాలు అటూ ఇటూ జరుగుతాయా?"

"జరుగుతాయండీ, మౌస్ పట్టుకు లాగితే సాలు."

"అయితే సినబాబు బావని మధ్యకి లాగీ. నన్ను ఏ మూలకో తోసీ."

చినబాబుగారు కళ్ళజోడు సవరించుకుని తెర మీద తన మొహాన్ని చూసుకున్నారు. అరగ్లాసు మజ్జిగ తాగి, "నేనొద్దంటే ఇంటారేటి!" అని మురిసిపోతూ వెళ్ళిపోయారు. సాయంత్రం బట్టల కొట్టు అప్పలసూరిగారు వచ్చారు. మెళ్ళో టేపు తీసి తెర మీద తన మొహం కొలిచి, పక్కవాళ్ళ మొహాలూ కొలిచి, అంగుళమున్నర ఎక్కువున్నానని తేలాక మజ్జిగ పుచ్చుకున్నారు. నాలుగు రోజుల్లో పది మంది వచ్చారు, పది మందీ మధ్యలో తమనే చూసుకు వెళ్ళారు. అత్తగారు కన్యకాపరమేశ్వరమ్మ మజ్జిగ చిలకలేక చేతులెత్తేసింది.

చివరికి పదకొండో మనిషి వంతు వచ్చింది. సూర్యారావుగారు తలుపు దగ్గరికి వేసి, "ఇప్పుడు నన్ను పెట్టీ" అన్నారు.

"మిగతావాళ్ళు సూస్తే?" అంది అనూరాధ.

"ముందు సమావేశం, తర్వాత ఫ్లెక్సీ. పదవి వచ్చీసినాక ఎవడలిగితే నాకేటి?"

సేవ్ చెయ్యబోతే సాఫ్ట్‌వేర్ ఒక చీటీ చూపించింది. చిన్న సైజు ఉచితం, పెద్ద సైజు కావాలంటే డబ్బు కట్టాలి. సూర్యారావుగారికి ఒళ్ళు మండింది.

"నలభై ఏళ్ళు యాపారం సేసినాను. ఉచితమని పిలిసి తలుపేసీసి డబ్బడగడం ఏ కొట్లోనూ సూడలేదు. సిన్నదే తీసీ."

ఆనంద్‌కుమార్ దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని శ్రీకాకుళంలో ఫ్లెక్సీలు వేసే ఎర్రన్నకి ఇచ్చొచ్చాడు. ఇతను ఇల్లు చేరగానే ఎర్రన్న ఫోన్ చేశాడు.

"బాబూ, బొమ్మ మరీ సిన్నదండి. పన్నెండడుగులకి సాగదీస్తే మొహాలు గళ్ళు గళ్ళుగా వస్తాయి."

సూర్యారావుగారు ఫోను లాక్కున్నారు. "ఇత్తడి రేకు కొడితే సాగదేటి? ఇదీ అంతే. సాగదీయవయ్యా, నేనున్నాను."

అనూరాధకి ఏదో అనుమానం తగిలింది. కానీ ల్యాప్‌టాప్‌లో బొమ్మ నిండుగా, అందంగా కనిపించింది. ఆనంద్‌కుమార్ చెవులు ముగ్గురు పెద్దమనుషులకి ఎంత బాగా నప్పాయో చూసుకుంటూ ఆ అనుమానం మరిచిపోయింది.

ఆదివారం పదింటికి సమావేశం. ఎర్రన్న మాత్రం ఎనిమిదింటికే వచ్చి, ఎవరినీ అడక్కుండా హైవే కూడలిలో ఫ్లెక్సీ కట్టేసి పోయాడు. కబురు తెలిసి సూర్యారావుగారు చొక్కా గుండీలు పెట్టుకుంటూనే పరిగెత్తారు. వెనకే అనూరాధ, ఆనంద్‌కుమార్ బండి మీద వెళ్ళారు. అప్పటికే పది మంది పెద్దలూ దాని కింద తలలెత్తి నిలబడి ఉన్నారు. మధ్యలో మావగారిని చూసేశారు, అంతా అయిపోయిందనుకుంది అనూరాధ.

తలెత్తి చూసింది. ఫ్లెక్సీ మీద ఒక్క మొహం లేదు. పదకొండు గళ్ళ లుంగీలు ఆరేసినట్టు ఉంది. ఎవరికీ ముక్కు లేదు, మూతి లేదు. కష్టపడి అతికించిన చెవులూ లేవు.

"మధ్యలోది నేనే కదమ్మా?" అన్నారు చినబాబుగారు.

అనూరాధ మావగారి వైపు చూసింది. సూర్యారావుగారు ఫ్లెక్సీ వైపు ఒకసారి, చినబాబుగారి వైపు ఒకసారి చూశారు.

"నువ్వు కాకపోతే ఇంకెవరు బావా? ఆ నుదురు సూడు, అలాటిది ఈ పేటలో ఇంకెవడికుంది?"

అప్పలసూరిగారు చెయ్యి పట్టుకుని పక్కకి లాగారు. "ఒరే సూర్యం, అది నేను కాదేటి?"

"గట్టిగా అనకు మావా. నువ్వే. సినబాబు పెద్దోడు, పోన్లే అని అలాగన్నాను."

అలా పది మందినీ ఒక్కొక్కరినే పక్కకి తీసుకెళ్ళి, పది మందికీ మధ్య చోటు ఇచ్చేశారు. పదింటికి సమావేశం మొదలైంది, పదీ పదికి అయిపోయింది. అందరూ ఒకే పేరు చెప్పారు.

మధ్యాహ్నం దండ మెళ్ళో ఉండగానే సూర్యారావుగారు మళ్ళీ కూడలికి బయల్దేరారు. కోడల్నీ భార్యనీ వెంట తీసుకెళ్ళారు. పెద్ద సైజుకి డబ్బు కట్టి కొత్తది వేయిద్దామని అనూరాధ అంటే ఉలిక్కిపడ్డారు.

"అమ్మో, వద్దమ్మా. నా పదవి ఉన్నన్నాళ్ళూ ఇదే ఉండాల." కాసేపు తలెత్తి చూసి గొంతు తగ్గించారు. "నేను మధ్యలోనే ఉన్నాను కదా? కాస్త ఆనవాలు సెప్పు."

అనూరాధ కళ్ళు చికిలించి వెతికింది. "అదిగో మావయ్యగారూ, పైనుంచి నాలుగో వరసలో ఎర్ర గడి. అది మీ బొట్టు."

ఆయన మొహం విప్పారింది. "ఒసే, ఇటు సూడు. ఆ ఎర్ర గడి కింద ఉన్నదంతా నేనే."

కన్యకాపరమేశ్వరమ్మ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మీరు కాదండీ. అప్పలసూరి అన్నయ్యగారిలాగున్నారు."